తిన్నవా అని ఎవరడగాలి

ఆ పేరు చెప్పుకొని ఎవరూ రారు

మా గురువారం ఓపీకి, మనసుకు వచ్చే తిండి జబ్బు ఉందని చెప్పుకొని వచ్చినవాళ్లు నాకు ఒక్కరూ గుర్తు లేరు. నెలసరి ఆగిపోయిందని వచ్చారు, కళ్లు తిరిగి పడిపోయిందని వచ్చారు, జుట్టు కుప్పలుగా రాలుతోందని వచ్చారు. కడుపులో మంటకు ఏళ్ల తరబడి గోలీలు మింగి, అవి పనిచేయక వచ్చారు. గాలి సోకిందని ఊళ్లో చేయించాల్సినవన్నీ చేయించి, చివరికి మా గుమ్మం తొక్కినవాళ్లూ ఉన్నారు. మా పని అక్కడ మొదలయ్యేది. అందులో సగం వైద్యం. మిగతా సగం, ఈ గురువారం వచ్చిన మనిషి వచ్చే గురువారం కూడా వచ్చేలా చూడటం. ఆ రెండో సగం నాది.

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. ఈ పేరు రిటైరయ్యేదాకా మా బంధువులకు నోరు తిరగలేదు. నర్సువా అంటే కాదంటాను, డాక్టరువా అంటే కాదంటాను, మరి దవాఖానలో నీకేం పని అని పెళ్లిళ్లలో అడిగేవాళ్లు. వచ్చినవాళ్లను మళ్లీ రప్పించడం అని చెబితే, దవాఖానకు మళ్లీ మళ్లీ రప్పించేది కూడా ఒక పనేనా అని నవ్వేవాళ్లు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను అడుగుతుంటారు కాబట్టి, ఆ పని ఏమిటో నాకు తెలిసినంత రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో మహబూబ్‌నగర్‌లో ఒక ట్రస్టు నడిపే దవాఖానలో చేరాను. దాని పేరు రాయను. అక్కడి మానసిక వైద్యురాలు డాక్టర్ హేమలత గారు. మేమంతా డాక్టరమ్మ అనేవాళ్లం. పెద్ద నగరాల్లో మాత్రమే కనిపించే తిండి జబ్బుల విభాగం పాలమూరులో పెడతానని ఆవిడ అంటే అందరూ నవ్వారు. తిండి కోసం వలస పోయిన జిల్లా ఇది, తిండి ఉండి తిననివాళ్లు ఇక్కడెక్కడ దొరుకుతారు అన్నారు. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

నా నవ్వుకు ఒక కారణం ఉంది. మాది హుజూర్‌నగర్ వైపు. భూమి లేని ఇల్లు. నాయిన, అమ్మ కూలికి పోయేవాళ్లు. నాట్లు, కోతల కాలంలో కడుపునిండా తినేవాళ్లం, మిగతా కాలంలో ఉన్నదేదో పంచుకునేవాళ్లం. అన్నం ముందు పెట్టుకొని నాకొద్దు అనే మనిషిని చూస్తే నాకు జాలి కంటే ముందు కోపం వచ్చేది. డాక్టరమ్మ దాన్ని వెంటనే పట్టేశారు. "ఆకలి తెలిసినదానివని నిన్ను తీసుకున్నాను. ఆ కోపం తగ్గాక పనికొస్తావు" అన్నారు. ఆవిడ మాట అంతే, తీపి పూసి చెప్పడం రాదు. అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు మాత్రం ఆవిడ దగ్గర పని నేర్చుకోవడం నా అదృష్టమని ఎవరడిగినా చెబుతాను.

బోర్డు, బస్సు

మొదట్లో మా కొంప ముంచింది బోర్డు. ట్రస్టువాళ్లు ముచ్చటపడి, తిండికి సంబంధించిన మానసిక వ్యాధుల ప్రత్యేక విభాగం అని పెద్ద పెద్ద నీలి అక్షరాలతో రాయించి, రోడ్డు మీద పోయేవాళ్లకు కూడా కనిపించేలా పెట్టారు. జడ్చర్ల దగ్గరి ఊరి నుంచి ఒక అబ్బాయి వచ్చేవాడు. కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాడు. పరుగులో వెనకబడుతున్నానని అన్నం తగ్గించాడు, ఇంకా తగ్గించాడు, తర్వాత ఆపుకోలేక ఒక్కసారే విపరీతంగా తిని కక్కేసేవాడు. మగపిల్లలకు ఈ జబ్బు రాదనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, డాక్టర్లలో కూడా. ఆ అబ్బాయి కొన్నిసార్లు బాగానే వచ్చాడు, మనసు విప్పి మాట్లాడాడు. ఒకరోజు వాళ్ల ఊరి ఆటో అతను బోర్డు కింద నిలబడ్డ ఇతన్ని చూసి, ఏందిరా, ఈడ అన్నం తినుడు నేర్పుతున్నరా అన్నాడట. ఆ తర్వాత ఆ అబ్బాయి రాలేదు. ఫోన్ చేస్తే నంబరు మారిపోయింది. ఏమయ్యాడో నాకు తెలియదు. బజారులో ఖాకీ బట్టల్లో సన్నటి కుర్రాడెవరైనా ఎదురైతే ఇప్పటికీ ముఖంలోకి చూస్తాను.

ఆ బోర్డు తీయించడానికి డాక్టరమ్మ మేనేజరుతో గట్టిగానే పోట్లాడారు. మేనేజరు చెడ్డవాడేం కాదు, పైన డబ్బులిచ్చేవాళ్లకు జవాబు చెప్పుకోవాల్సిన మనిషి. బోర్డు లేకపోతే విభాగం ఉన్నట్టు ఎట్లా తెలుస్తుందన్నది అతని బాధ. చివరికి మా గది కళ్ల ఓపీ, చర్మం ఓపీ ఉన్న వరండాలోకి మారింది. తలుపు మీద గది నంబరు తప్ప ఏమీ రాయలేదు. ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లు కంటి కోసం వచ్చారో, గజ్జి కోసం వచ్చారో ఎవరికీ పట్టదు. ఇలాంటి జబ్బుకు వైద్యం చేసే జాగా ఎవరి కంటా పడకుండా ఉండాలని నేను నేర్చుకున్నాను. దీన్ని ఒప్పుకోని మేనేజర్లు మీకూ తగులుతారు. పోట్లాడండి.

ఇంకొకటి బస్సుల సంగతి. మా ఆయన ఆర్టీసీలో డ్రైవరు. జనం ఎప్పుడూ డాక్టరమ్మ వార్డుకు వెళ్లిపోయాకే వస్తారు, వీళ్లకు బాధ్యత లేదు అని నేను ఇంట్లో విసుక్కుంటుంటే, ఆయన అన్నం కలుపుకుంటూ, మీ ఓపీ ఎన్నింటికో చెప్పు అన్నారు. చెప్పాను. ఆ టైముకు దేవరకద్ర బస్సు ఇంకా ఎక్కడుంటుందో వివరంగా చెప్పి, నా బండిలో వచ్చేవాళ్లను నువ్వు తిడుతున్నావన్నమాట అని రోజంతా ఏడిపించారు. ఓపీని బస్సులకు తగ్గట్టు జరిపాం. రావడం మానేసినవాళ్లలో కొందరు దానితోనే తిరిగొచ్చారు. మనం జబ్బు తీరు అనుకున్నది చాలాసార్లు బస్సు తీరు.

ఒక్కపొద్దు

శిరీష మా దగ్గరికి వచ్చేనాటికి బోర్డు లేదు. వాళ్లది దేవరకద్ర అవతల ఒక ఊరు. గొర్రెలు, మేకలు కాసుకునే కుటుంబం, దానితో పాటు కొంచెం మెట్ట చెలక. నాన్న మల్లయ్య, అమ్మ అంజమ్మ, మల్లయ్యను కన్న అవ్వ. శిరీష హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. కాలేజీ ప్రార్థనలో పడిపోతే ఇంటికి పంపారు. మల్లయ్య ఆమెను చేతుల మీద ఎత్తుకొని వరండాలోకి వచ్చాడు, అంత తేలికైపోయింది ఆ పిల్ల. నేను కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"గొర్రె మేత ఇడిస్తె చూడంగనె పట్టుకుంట మేడం. నా బిడ్డ మేత ఇడిస్తె నాకు తెల్వకపాయె" అన్నాడు. 

తెలియకపోవడంలో అతని తప్పు లేదు. అంతా ఒక్కపొద్దుతో మొదలైంది. దేవుడి పేరు మీద ఒక్క పూటే తిని ఉండటం మా వైపు ఇంటింటా ఉన్నదే. పరీక్షలు బాగా రాయాలని శిరీష ముందు శనివారం పట్టింది. తర్వాత సోమవారం కలిసింది, ఆ తర్వాత గురువారం, శుక్రవారం. ఉన్న ఆ ఒక్క పూటా పండుకు దిగింది. హాస్టల్లో వార్డెన్ మిగతా పిల్లలకు ఈమెను చూపించి నేర్చుకోమనేదట. ఊళ్లో అవ్వ, మా పిల్లకు దేవుడంటే పానం అని నలుగురికీ గొప్పగా చెప్పుకునేది. అన్నం మానేసిన పిల్లను అందరూ మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పు తియ్యగా ఉండేదని, అన్నం కంటే అదే కావాలనిపించేదని శిరీష చాలా రోజుల తర్వాత చెప్పింది.

గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటుండటంతో డాక్టరమ్మ వెంటనే వార్డులో చేర్చుకున్నారు. ఉపవాసాలు మాన్పించాలని నేను తొందరపడ్డాను. ఆవిడ ఒప్పుకోలేదు. దేవుణ్ణి ఆ పిల్ల చేతిలోంచి గుంజుకుంటే మనల్నే వదిలేసి వెళ్లిపోతుందన్నారు. ఆ మాటను ఇంట్లోవాళ్లతో మాట్లాడే పని నాకు పడింది. మల్లయ్య నా మెడలోని శిలువ గొలుసు వంక చూసి, మీరు చర్చికి పోయెటోల్లు, మా ఒక్కపొద్దుల సంగతి మీకెట్ల తెలుస్తది మేడం అన్నాడు. కోపంగా అనలేదు, అనుమానంగా అన్నాడు. మా ఇళ్లల్లోనూ ఈస్టరుకు ముందు నలభై రోజులు ఉపవాసం ఉంటామని, మా అమ్మకు జ్వరం వచ్చిన ఏడాది పాస్టరుగారే ఇంటికొచ్చి గంజి తాగించారని చెప్పాను. అమ్మ బదులు ఆ ఏడు ఉపవాసం ఎవరున్నరు అని అడిగాడు. నాయిన ఉన్నాడని చెప్పాను.

మల్లయ్య చాలాసేపు తల గోక్కున్నాడు. మరుసటి రోజు వచ్చి, బిడ్డ పట్టిన ఒక్కపొద్దులు ఇంటి తరఫున పట్టినవే కాబట్టి శనివారానివి తను ఉంటానన్నాడు. సోమవారం అంజమ్మ పంచుకుంది. మిగతావి దేవుడు మాఫ్ చేస్తడని అవ్వ తీర్పు చెప్పింది. శిరీష మొదట ఏడ్చింది, గొడవ పెట్టింది, నా పుణ్యం మీరెట్ల తీసుకుంటరని తండ్రితో మాట్లాడటం మానేసింది. కానీ దేవుడికి బాకీ పడ్డానన్న భయం మెల్లగా సడలింది. ఆ తర్వాత మల్లయ్య ఎప్పుడొచ్చినా శనివారం ఎట్లా గడిచిందని అడిగేదాన్ని. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గొర్రెలన్నీ మెయ్యడం ఆపి నన్నే చూస్తున్నట్టు ఉంటది మేడం అనేవాడు. శిరీష మా దగ్గర మొదటిసారి నవ్వింది ఆ మాటకే.

అడగొద్దన్నాం

కోలుకున్నాక ఇంటికి పంపే ముందు జాగ్రత్తలు చెప్పడానికి కుటుంబాన్ని కూర్చోబెట్టాం. ఈ జబ్బుకు నగరాల్లో వైద్యం చేసేవాళ్లు ఇంట్లోవాళ్లకు చెప్పే సలహాలే మేమూ చెప్పాం. మంచి సలహాలే అవి. పిల్ల ఒంటి గురించి మాట్లాడొద్దు. బక్కగైనవ్ అనొద్దు, ఒళ్లు చేసినవ్ అనొద్దు. కంచం వంక చూస్తూ కూర్చోవద్దు. శిరీష కూడా ఒక మాట చెప్పింది. ఇల్లు దాటితే చాలు, కనిపించిన ప్రతి ఒక్కరూ తిన్నవా, తిన్నవా అని అడుగుతారని, వింటుంటే చెవులు మూసుకోవాలనిపిస్తుందని. సరే, ఎవరూ తిన్నవా అని అడగొద్దని డాక్టరమ్మ చెప్పారు. నేనూ తల ఊపాను. ఊరోళ్లకు గూడ చెప్పాల్నా అని మల్లయ్య అడిగితే, చెబితే మంచిదే అన్నాం.

మల్లయ్య డాక్టరు మాటను ఆషామాషీగా తీసుకునే మనిషి కాదు. వాడకట్టంతా తిరిగి చెప్పాడు. కిరాణా దుకాణంలో చెప్పాడు, తనతో గొర్రెలు తోలుకుపోయేవాళ్లకు చెప్పాడు.

కొన్ని గురువారాలు శిరీష బాగానే వచ్చింది. తర్వాత బరువు మళ్లీ జారడం మొదలైంది. ఆపై ఒక గురువారం రాలేదు, ఇంకోటీ రాలేదు. నేను ఫోన్ చేస్తే అంజమ్మ ఎత్తి, బాగనే ఉన్నది మేడం, ఏం ఫికర్ లేదు అని గబగబా పెట్టేసేది. వరుసగా రాకపోతే ఫైలు మూసి, ఎదురుచూస్తున్న ఇంకొకరికి ఆ జాగా ఇవ్వాలని ట్రస్టు నియమం. మేనేజరు అడగడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ ముఖం చూస్తే నాకు భయమేసింది. ఈ పిల్ల గుండె ఒకసారి తట్టుకుంది, మళ్లీ అదే స్థితికి వస్తే తట్టుకుంటుందని చెప్పలేనన్నారు. మూయాల్సింది ఫైలు, పోయేది మాత్రం పిల్ల ప్రాణం. వెళ్లి చూసొస్తానని ఆ శుక్రవారం పొద్దున్నే బస్సెక్కాను.

మేకపిల్ల

ఆ ఊళ్లో నేను చూసినది మీకు విడమరిచి చెప్పాలి. మా వైపు ఎదురుపడిన మనిషిని పలకరించే మొదటి మాట తిన్నవా. పొద్దున కలిసినా అదే, బస్సు దిగినా అదే, ఫోన్ ఎత్తినా అదే. జవాబు కోసం ఎవరూ ఆగరు, ఆ మాటతో మిగతా మాటలన్నీ మొదలవుతాయి. తిన్నవా అనొద్దంటే, ఆ వాడకట్టుకు శిరీషతో మాట ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు. నేను బస్సు దిగి ఇంటి దాకా నడుస్తుంటే ఎదురైన ముగ్గురు ముసలమ్మలు ముక్కూమొగం తెలియని నన్ను తిన్నవా బిడ్డా అని అడిగారు. వాళ్లే శిరీష కనిపిస్తే కొంగు సవరించుకొని పక్కకు తప్పుకునేవాళ్లట. నోరు జారితే పిల్లకు ఏమవుతుందోనని వాళ్ల భయం.

ఇంట్లో ఇంకా ఘోరం. అంజమ్మ కంచంలో పెట్టి, చూడకూడదు కదా అని బయటికి వెళ్లిపోయేది. మల్లయ్య మంద దగ్గరే తినేవాడు. అవ్వ వంటింటి వైపే వచ్చేది కాదు. అందరూ మా మాట తు.చ. తప్పకుండా పాటించారు. అంత ప్రేమతోనే పాటించారు.

శిరీష పెరట్లో మేకల దొడ్డి దగ్గర కూర్చొని ఉంది. మళ్లీ అదే ముఖం, చెంపలు లోపలికి పోయి. దవాఖానకు ఎందుకు రావడం లేదని నేను అడగలేదు. పక్కన కూర్చున్నాను. అంతలో అవ్వ ఒక చిన్న మేకపిల్లను చంకకెత్తుకొని, మేసినవా బిడ్డా, కడుపు నిండిందా అని దాని పొట్ట తడుముతూ ముందుకు పోయింది. శిరీష అటే చూసింది.

"చూసిన్రా మేడం. మేకపిల్లనైతె అడుగుతది. నన్ను అడుగుతలేదు" అంది. "ఎవ్వరు అడుగుతలేరు. గిన్నె పెట్టి పోతున్నరు. నేను ఈ ఇంట్ల లేనట్టె ఉంది. దవాఖానకు వచ్చినంక మాటలు బందయినయి. ఇంగొకసారి వస్తె ఇంగేం బంద్ వెడ్తరో అని వస్తలేను."

నా ఉద్యోగంలో ఎన్నో శిక్షణలకు వెళ్లాను. జనం వైద్యం మధ్యలో ఎందుకు మానేస్తారో చాలామంది చాలా చక్కగా చెప్పారు. రోగికి మనసు లేదంటారు, ఇంట్లోవాళ్లకు అర్థం కాదంటారు, జబ్బు లక్షణమే అదంటారు. అవన్నీ నిజమే కావచ్చు. ఆ పెరట్లో నాకు తెలిసింది మాత్రం వేరే. మేం ఆమెకు కొంత ఇచ్చాం, దానికి బదులు ఆమె దగ్గరున్నది ఒకటి తీసేసుకున్నాం. తీసేసుకున్నామని మాకు తెలియదు. ఆమెకు తెలుసు.

అవ్వను పిలిచాను. నాతో అన్న మాటే అవ్వకు మళ్లీ చెప్పమని శిరీషను అడిగాను. అవ్వ మేకపిల్లను కిందికి దింపి, నీ పానానికి మంచిగుంటదంటె నోరు కుట్టుకున్న బిడ్డా అని మనవరాలి తల పట్టుకొని ఏడ్చింది. అంజమ్మ గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనూ ఏడ్చాను. రోగుల ముందు ఏడవకూడదని నేర్పుతారు. నేర్పనివ్వండి.

పిల్ల చెప్పిన ఒప్పందం

తిరిగొచ్చి జరిగింది డాక్టరమ్మకు చెప్పాను. ఆవిడ నేరుగా మేనేజరు గదికి వెళ్లి, శిరీష ఫైలు తను చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదని చెప్పి వచ్చారు. వచ్చే గురువారం అందరినీ పిలవమన్నారు. నేను చాలామంది పెద్ద డాక్టర్లను చూశాను. తన సలహా బెడిసికొట్టిందని వినగానే రోగి ఇంట్లోవాళ్లను తప్పుపట్టని మనిషిని ఈవిడనే చూశాను.

గురువారం నలుగురూ వచ్చారు. డాక్టరమ్మ శిరీషను తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకొని, పోయినసారి నియమాలు మేం పెట్టాం, ఈసారి నువ్వు పెట్టు అన్నారు.  ఆ పిల్ల అవ్వ వైపు తిరిగింది.

"నువ్వు అడుగు అవ్వా. రోజు అడుగు. తిన్న అంటె సరే అను. లేదంటె మొత్తుకోకు, ఒట్లు వెట్టకు. నువ్వు గూడ తినకుంట ఉండి, ఇద్దరం కూసుందమా అను."

అంతే ఆ ఒప్పందం. ఇంట్లో అడిగే హక్కు అవ్వకు దక్కింది. మిగతావాళ్లు మేకల గురించి, కాలేజీ గురించి, టీవీ గురించి ఏమైనా మాట్లాడొచ్చు. అంజమ్మ కంచం పెట్టి వెళ్లిపోకుండా పక్కన కూర్చొని తనూ తినాలి. మల్లయ్య ఎండాకాలం మందతో దూరం పోయినప్పుడు ఫోన్ చేస్తే ఏమనాలని అడిగాడు. నీ శనివారం ఎట్లుందో చెప్పు బాపూ అంది శిరీష.

ఒక్క ఒప్పందంతో జబ్బు పోయిందని రాస్తే నేను అబద్ధం చెప్పినట్టు. డిగ్రీ మొదట్లో మళ్లీ వార్డులో చేరాల్సి వచ్చింది. పరీక్షల కాలంలో బరువు దిగేది, పెళ్లి మాటలు వచ్చినప్పుడు దిగేది. అవ్వ ఇద్దరం కూసుందమా అని అడిగితే శిరీష లేచి వెళ్లిపోయిన రోజులున్నాయి. అవ్వ ఆకలితో పడుకున్న రోజులూ ఉన్నాయి. కానీ ఆ తర్వాత ఆమె గురువారం రావడం మానలేదు. రాలేకపోతే ముందే ఫోన్ చేసేది. అవ్వ చనిపోయిన వారం కూడా శిరీష వచ్చింది. ఆ రోజు ఊరికే కూర్చొని వెళ్లింది.

బాగుపడటం అంటే

మీరు ఈ పనిలో చేరితే, ఎంతమంది బాగుపడ్డారని పైనుంచి అడుగుతూనే ఉంటారు. బరువు చెబితే సంతోషిస్తారు. బరువు ముఖ్యమే, ప్రాణం దాని మీదే ఆధారపడి ఉంటుంది. అది చూడకుండా మనసు మనసు అని తిరిగే కౌన్సెలర్ల మీద నాకు సదభిప్రాయం లేదు. కానీ బరువు పెరిగి మా మొహం మళ్లీ చూడనివాళ్లు ఉన్నారు, వాళ్లు ఎట్లా ఉన్నారో నాకు తెలియదు. బరువు ఆగి ఆగి పెరిగినా పదేపదే తిరిగొచ్చినవాళ్లు ఉన్నారు, వాళ్లు బతుకుతున్నారు. తిరిగిరావడానికి ఒక చోటు ఉందని నమ్మడం కూడా బాగుపడటమేనని నేను అనుకుంటాను. మేనేజరుకు ఇది ఎంత చెప్పినా అర్థం కాలేదు. అయినా చెబుతూనే వచ్చాను.

ఇంకో మాట. రాని మనిషికి ఫోన్ చేసినప్పుడు ఎందుకు రాలేదని అడగకండి. ఆ మాట వినగానే అబద్ధం తయారవుతుంది. ఈ గురువారం ఉంటాం అని చెప్పండి, చాలు. దేవుడు, పాస్టరు, పూజారి, దర్గా, ఎవరినీ పోటీగా చూడకండి. పుస్తకంలో ఉన్న సలహా ఇవ్వండి, కానీ ఇచ్చాక ఆ ఇంటికి పోయి అది ఎట్లా అమలవుతోందో కళ్లతో చూడండి. పోవడానికి జీపు ఇవ్వరు. బస్సెక్కండి.

మా ఆయన వెళ్లిపోయాక

నేను రిటైరైన తర్వాతి ఏడు మా ఆయన పోయారు. పొద్దున టీ తాగి, పేపరు చదువుతూ పోయారు. ఇల్లంతా చుట్టాలు. అందరూ నా చేతిలో కంచం పెట్టారు, ఒట్లు పెట్టారు, నోట్లో ముద్ద పెట్టబోయారు. తినకపోతే ఆయన ఆత్మకు శాంతి ఉండదన్నారు. ఎవరి ప్రేమకూ లోటు లేదు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. ఆకలితో పెరిగినదాన్ని, అన్నం ముందు పెట్టుకొని వద్దంటున్నాను. ఒకప్పుడు ఏ మనుషులను చూస్తే నాకు కోపం వచ్చేదో వాళ్లలాగే కూర్చున్నాను. చుట్టాలు అడిగి అడిగి విసిగి, అడగడం మానేసి వెళ్లిపోయారు.  నేను వడ్డించుకున్న కంచం మూతపెట్టే ఉండేది.

అలాంటి ఒక మధ్యాహ్నం శిరీష ఫోన్ చేసింది. ఇప్పుడు జడ్చర్లలో ఒక ల్యాబులో పనిచేస్తోంది. కబురు ఆలస్యంగా తెలిసిందని చెప్పి, మా ఆయన బండిలో తను ఎన్నిసార్లు వచ్చిందో, చిల్లర లేదంటే దవాఖాన పిల్ల అని కండక్టరుతో సర్దిచెప్పేవారని తలుచుకుంది. నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

 తర్వాత అడిగింది.

"తిన్నరా మేడం?"

లేదన్నాను. మొత్తుకోలేదు, ఒట్టు పెట్టలేదు. అవతల టిఫిన్ డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది.

"నేను గూడ ఇంక తినలే. పొద్దటిసంది డబ్బా అట్లనె ఉంది" అంది. "ఇద్దరం కూసుందమా?"

వంటింట్లోకి వెళ్లి కంచం మీది మూత తీశాను. పప్పు చల్లారిపోయింది. ఫోను పక్కన పెట్టుకొని, ఆమె ఒక ముద్ద, నేను ఒక ముద్ద తిన్నాం.